పునాది తవ్వుతుంటే పాత గోడ తగిలింది, ఇప్పుడేం చెయ్యాలి?

సైట్‌బాబాయ్: రెండు మీటర్ల లోతులో పొక్లెయిన్ బకెట్‌కి ఇటుక గోడ తగిలింది, చుట్టూ కుండ పెంకులు, తడిసి నల్లబడిన చెక్క ముక్క కూడా ఉంది. కాంట్రాక్టరేమో ఎవరికీ చెప్పొద్దు, మట్టి కప్పి కాంక్రీట్ పోసెయ్ అంటున్నాడు, బయటికి చెప్తే పని ఆగి పెనాల్టీ పడుద్దని ఆయన భయం. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

మట్టిమనిషి: తవ్వకాల్లో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా బాబాయ్, ముందు ఆ పెంకులు ఎవరూ ఏరకుండా చూడండి. చాలామంది శుభ్రంగా కడిగి, బల్ల మీద వరసగా పేర్చి ఫోటో పంపుతారు, అప్పటికే సగం సమాచారం పోయినట్టే, ఎందుకంటే ఏ పొరలో దేని పక్కన ఉందో తెలిస్తేనే కాలం తేల్చగలం. ఉన్నచోటే స్కేల్ పెట్టి ఫోటో, లెవెల్, కోఆర్డినేట్స్ తీసుకోండి. చెక్కని మాత్రం అస్సలు ఆరనివ్వొద్దు, నీళ్ళలో నానినది ఆరిందంటే కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది, తడి గోనె వేసి పైన ప్లాస్టిక్ కప్పండి. పురావస్తు శాఖకి రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్‌తో సరిపెట్టొద్దు.

బిల్లులబాబు: పెనాల్టీ గోల తర్వాత, ముందు కాంట్రాక్ట్ తియ్యమనండి. ఫిడిక్ రెడ్ బుక్ (నిర్మాణ పనులకి వాడే అంతర్జాతీయ నమూనా కాంట్రాక్ట్) 1999ది అయితే క్లాజ్ 4.24, 2017ది అయితే 4.23 సరిగ్గా దీని గురించే. ఇంజనీర్‌కి వెంటనే నోటీస్ ఇచ్చి, ఆయన సూచనల వల్ల ఆలస్యమైతే అదనపు టైమ్, ఖర్చు రెండూ అడగొచ్చు, కాకపోతే క్లెయిమ్ నోటీస్ 28 రోజుల్లోపు పడాలి. కప్పేస్తే ఇవన్నీ పోయినట్టే, పైగా ఏ కూలీ ఫోన్‌లోనో ఫోటో ఉండే ఉంటుంది.

నైట్‌షిఫ్ట్: పేపర్ మీద బానే ఉంటది బ్రో. ఇస్తాంబుల్‌లో మర్మరాయ్ రైలు పనుల్లో యెనికాపి దగ్గర 37 పాత ఓడలు బయటపడ్డాయి, ప్రాజెక్ట్ ఏళ్ళకేళ్ళు లేటయింది. చిన్న కాంట్రాక్టర్ అయితే ఈలోపు అప్పులకి వడ్డీలు కట్టుకుంటూ కూర్చోవాలి.

మట్టిమనిషి: వడ్డీ మాట నిజమే, కాదనను. కానీ అక్కడ దొరికింది బైజాంటైన్ కాలపు రేవు, ప్రతి గోడా అంత కథ కాదు. చాలావాటికి కొలతలు, డ్రాయింగ్స్ తీసుకుని వదిలేస్తారు, లేదా పైల్ (భూమిలోకి దించే పునాది స్తంభం) కాస్త జరిపి గోడని కిందే ఉంచేస్తారు. సైట్ అంతా ఆపక్కర్లేదు కూడా, ఆ చుట్టుపక్కల వరకు టేపు కట్టి మెషిన్‌ని ఇంకో మూలకి పంపండి. అసలు టెండర్‌కి ముందే ట్రయల్ ట్రెంచ్‌లు (కింద ఏముందో చూడ్డానికి తవ్వే చిన్న కందకాలు) వేస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గేది, తవ్వకుండా పైనుంచే నేలలోకి తరంగాలు పంపి చూసే రాడార్ సర్వే ఒక్కటే నమ్ముకుంటే బంకమట్టిలో అది లోతుకి చూడలేదు.

సైట్‌బాబాయ్: క్లాజ్ దొరికింది, 4.24 ఉంది. చూపిస్తే ఆయన నోరెత్తలేదు, నోటీస్ టైప్ చేస్తున్నాం. కానీ అప్పుడే బంగారం దొరికిందని పుకారు లేచింది.

నైట్‌షిఫ్ట్: అయితే ఈ రాత్రి నుంచే వాచ్‌మన్‌ని పెట్టు బాబాయ్. లొకేషన్ మాత్రం ఏ వాట్సాప్ గ్రూప్‌లోనూ వెయ్యొద్దు, మెటల్ డిటెక్టర్ గాళ్ళు తెల్లారేలోపే దిగిపోతారు.