తడిసిన గోతాల్లోని తెల్ల పొడులు ఏది ఏదో తేల్చేదెట్లా?

ప్రశ్న (అల్లూరు మండలం, రొయ్యల గుంటలు)
మొన్నటి వాయుగుండానికి మా గుంట గట్టు మీది షెడ్డులోకి నీళ్లొచ్చి గోతాలన్నీ తడిశాయి. ఆ కంగారులో మా నాయన, కూలీలు కలిసి పొడులన్నీ చేతికందిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పోసేశారు. వంట సోడా, సున్నం, బ్లీచింగ్, తెల్ల పొటాష్, మెగ్నీషియం క్లోరైడ్ ఉన్నాయని తెలుసు గానీ ఏది ఏ డ్రమ్ములో ఉందో తెలీదు, అన్నీ తెల్లగానే ఉన్నాయి. నీళ్ల రిపోర్టులో ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే క్షార గుణం) 80 మాత్రమే వచ్చింది, రొయ్య డొల్ల (పై పెంకు) మారుస్తోంది, అది పెరగడానికి రేపు రాత్రికి వంట సోడా చల్లాలి. నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుందని నాయన అంటున్నాడు, నేను వద్దని పట్టుబట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో దొరికే వాటితో తేల్చే దారి ఉందా?

జవాబు (కావలి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను)
తమ్ముడూ, నాలిక మీద వేయనీయకపోవడం మంచి పని, సున్నం గానీ బ్లీచింగ్ గానీ అయితే నోరు కాలిపోతుంది. ముందు బ్లీచింగ్ ఏదో తేల్చండి, అది తేలేదాకా వెనిగర్, నిమ్మరసం, యాసిడ్ ఏ డ్రమ్ము పొడిలోనూ వేయొద్దు. బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, షెడ్డులో అయితే ఊపిరాడదు. మీ దగ్గర క్లోరిన్ చూసే ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు ఉంటాయి కదా, చేతికి గ్లోవ్స్ వేసుకుని, ఒక్కో పొడిని చిటికెడు గ్లాసు నీళ్లలో కలిపి రెండు చుక్కలు వేయండి. పసుపు, నారింజ రంగు వచ్చిందే బ్లీచింగ్. దాన్ని దూరంగా పెట్టేయండి.

మిగిలిన నాలుగింటినీ నీళ్లలో కలిపి పెట్టండి. సరిగా కరగక అడుగున తెల్లగా పేరుకునేది సున్నం. అయితే సున్నంలోనూ రకాలున్నాయి, అది ఆరిన సున్నమా (నీళ్లు పోసి చల్లార్చింది), ఉత్త సున్నపురాతి పొడా చూడాలి. పైన తేరిన నీళ్లు కొన్ని వంచుకుని గొట్టంతో మెల్లగా ఊదండి, పీల్చొద్దు. పాలలా తెల్లబడితే ఆరిన సున్నం, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సుద్ద అవుతుంది. తెల్లబడకపోతే రాతి పొడి, దానికి వెనిగర్ వేస్తే నురగ వస్తుంది.

మిగిలిన తేట సున్నపు నీళ్లు పారబోయకండి, వాటితోనే ఇంకో పని ఉంది. మెగ్నీషియం క్లోరైడ్ కరిగిన నీళ్లలో పోస్తే తెల్లటి మడ్డి దిగుతుంది, పొటాష్‌లో ఏమీ దిగదు. కాకపోతే సోడాలో పోసినా తెల్లబడుతుంది, అందుకే సోడాను ముందే వేరు చేయాలి. వెనిగర్‌కి బుసబుసా పొంగేది సోడా. పైగా మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ లాక్కుని జిగటగా అవుతుంది, డ్రమ్ము మూత తీసి చూస్తేనే అనుమానం వస్తుంది.

జవాబు (కొత్తపట్నం, పదేళ్లుగా రొయ్యల సాగు)
అన్న చెప్పినవన్నీ చెయ్యి తమ్ముడూ, పొంగింది కదా అని అక్కడే ఆగిపోవద్దు. నేను ఒకసారి అట్లాగే ఆగిపోయి నష్టపోయాను. ఒక షాపులో విడిగా కొన్న సోడా వెనిగర్‌కి పొంగిందని చల్లేశాను, తీరా అది చాకలి సోడా. గుంటలో పీహెచ్ ఒక్కసారిగా పైకి పోయింది, పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది కదా, తెల్లారేసరికి రొయ్యలు అంచులకు వచ్చి తేలాయి. పొంగడం రెండింటికీ ఉంటుంది.

జవాబు (కావలి)
ఈయన చెప్పింది నిజం, నేను మొదటే రాయాల్సింది. తేడా తెలియాలంటే మీ మెగ్నీషియం క్లోరైడ్ నీళ్లే చాలు. పల్చగా కలిపిన చాకలి సోడా పోస్తే వెంటనే తెల్లబడుతుంది. అంతే పల్చటి వంట సోడా చల్లగా ఉన్నంతసేపు తేటగానే ఉండి, మరిగిస్తేనే తెల్లబడుతుంది. లేదా లీటరు నీళ్లలో 10 గ్రాములు కలిపి మీ గుంట పీహెచ్ మీటర్ పెట్టండి. వంట సోడా అయితే 8.3 దగ్గర ఉంటుంది, చాకలి సోడా 11 దాటుతుంది.

అడిగినవాడు (అల్లూరు)
పొద్దున్నే కూర్చున్నాం, నాయన కూడా పక్కనే ఉండి గ్లాసులు అందించాడు. మూడో డ్రమ్ము బ్లీచింగ్, ఓటీతో ముదురు నారింజ రంగు వచ్చింది. ఒకటో దానిలో ఊదితే పాలే, ఆరిన సున్నం. ఐదోది జిగటగా ఉంది, సున్నపు నీళ్లకి మడ్డి దిగింది. రెండోది దేనికీ కదల్లేదు, పొటాష్. నాలుగోది వెనిగర్‌కి బాగా పొంగింది గానీ కలిపిన నీళ్లే మసగ్గా ఉన్నాయి, మెగ్నీషియం నీళ్లలో పోస్తే కూడా కొంచెం తెల్లబడింది, మీటర్ 9.6 చూపించింది. ఇదేం సోడా?

జవాబు (కావలి)
వంట సోడాలోకి సున్నం చేరింది. తడిలో అవి రెండూ కలిస్తే కొంత సోడా చాకలి సోడాగా మారుతుంది, సుద్ద కూడా ఏర్పడుతుంది, మీకు మసగ్గా కనిపించింది అదే. సున్నం ఎత్తిన చేటతోనే సోడా ఎత్తి ఉంటారు. ఎంత కలిసిందో డ్రమ్ము అంతా ఒకలా ఉండదు, రొయ్య డొల్ల మార్చే సమయంలో దాన్ని గుంటలో వేయకండి.

అడిగినవాడు (అల్లూరు)
చేట ఒకటేనని నాయన ఒప్పుకున్నాడు సార్. నాలుగో డ్రమ్ము పక్కన పెట్టాం, కావలి నుంచి సీలున్న సోడా రెండు గోతాలు వస్తున్నాయి, రాత్రికి చల్లే ముందు వాటినీ మీటర్‌లో చూస్తాం.