ఆటగాళ్లను పెంచాలా, తెచ్చుకోవాలా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల మీద చర్చ

కెరొలినా కృష్ణ:
2025 సీజన్‌లో ఇండియానా ఆడిన 16 ఆటలూ గెలిచి, ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి జాతీయ విజేతగా నిలిచింది. అదే సీజన్‌లో క్లెమ్సన్ ఏడు గెలుపులు, ఆరు ఓటముల దగ్గర ఆగిపోయింది. అప్పటి నుంచి ఇక్కడి మిత్రులందరూ ఇండియానా కోచ్ కర్ట్ సిగ్నెటిదే సరైన దారి అనీ, క్లెమ్సన్ కోచ్ డాబో స్వినీ పని అయిపోయిందనీ తీర్పులు చెబుతున్నారు. నాకు అభ్యంతరం ఉంది. హైస్కూలు పిల్లలను తీసుకొని నాలుగేళ్లు తీర్చిదిద్దడం స్వినీ పద్ధతి. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లోనే వచ్చినా, ఆయన చాలా ఏళ్లు దాని జోలికి దాదాపు పోలేదు. 2017 జనవరిలో అలబామా మీద ఒక్క సెకను మిగిలి ఉండగా గెలుపు పాస్ పట్టిన క్లెమ్సన్ ఆటగాడు హంటర్ రెన్‌ఫ్రో, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరిన కుర్రవాడు. సిగ్నెటి అయితే ఇండియానాకు వస్తూ వస్తూ తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంటబెట్టుకొచ్చాడు. అది జట్టు కట్టడం కాదు, సంతకు వెళ్లి రావడం.

బ్లూమింగ్టన్ బాబాయ్:
కృష్ణగారూ, నేను ఇండియానాలో ఎమ్మెస్ చదివిన రోజుల్లో శనివారం జనమంతా స్టేడియం బయట పార్కింగులో తిని, తాగి, ఆట మొదలయ్యే వేళకు ఇంటిదారి పట్టేవారు. ఏడువందలకు పైగా ఓటములు మూటగట్టుకున్న జట్టు అది. 2023లో గెలిచినవి మూడే. సిగ్నెటి వచ్చిన తొలి ఏడాదే 11 గెలిచింది. ఇక ఆ 13 మంది సంగతి: వారిలో ఒకడైన ఐడెన్ ఫిషర్ జేమ్స్ మాడిసన్‌లో హైస్కూలు నుంచి నేరుగా సిగ్నెటి చేతుల్లోకి వచ్చినవాడు. తాను తీర్చిదిద్దిన పిల్లలు తన వెంట రావడం కొనుగోలు ఎలా అవుతుంది?

కెరొలినా కృష్ణ:
ఫిషర్ ఒక్కడి పేరు చెప్పి పదముగ్గురినీ గట్టెక్కించకండి. వాళ్లలోనే ఇలైజా శారట్ సెయింట్ ఫ్రాన్సిస్ అనే మరో కాలేజీలో మొదలుపెట్టి, జేమ్స్ మాడిసన్‌లో ఒక్క ఏడాది ఆడి ఇండియానాకు వచ్చాడు. అతన్ని పెంచింది ఎవరంటారు?

నారుమడి:
వరి నారు పోసేది ఒక మడిలో, నాటేది మరో మడిలో. దాన్ని ఎవరూ తప్పు పట్టరు కదండీ.

కెరొలినా కృష్ణ:
పక్క రైతు మడిలోంచి పెరికి తెచ్చిన నారును ఏమంటారో కూడా మీరే సెలవివ్వండి.

బ్లూమింగ్టన్ బాబాయ్:
శారట్ తన ఇష్టంతో వచ్చాడు. అతన్ని ఎవరూ పెరికి తేలేదు. సిగ్నెటి సూత్రం ఒక్కటే: ఆడగలడేమో అన్న ఆశ కన్నా, ఆడి చూపించినదే లెక్క. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా వర్సిటీ నుంచి వచ్చి, ఒక్క ఏడాదిలో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలుచుకున్నాడు. ఎవరు ఎక్కడ పనికొస్తారో పసిగట్టడం కోచ్ విద్య కాదా? స్వినీ కూడా చివరికి 2025లో పోర్టల్ తలుపు తట్టక తప్పలేదు.

మూడో వరుస:
ఒక్కో కళాశాల 2025-26లో ఆటగాళ్లకు నేరుగా 20.5 మిలియన్ డాలర్ల వరకు పంచవచ్చన్న ఒప్పందం అమల్లోకి వచ్చాక, మీరిద్దరూ ఇంకా పెంపకం గురించి మాట్లాడటం చూస్తే ముచ్చటేస్తోంది.

కెరొలినా కృష్ణ:
ఆ ఒప్పందంతోనే జట్టుకు 105 మంది అన్న పరిమితి కూడా వచ్చింది. వాక్-ఆన్‌లకు చోటు తగ్గడమే దాని అర్థమని నాకు బాగా తెలుసు. మా అబ్బాయి ఒక విశ్వవిద్యాలయంలో రెండేళ్లు వాక్-ఆన్‌గా ఉన్నాడు. తెల్లవారుజామున ఐదింటికి బరువులెత్తేవాడు. సెలవులకు ఇంటికి వస్తే వాళ్లమ్మ రోజూ ఆరు గుడ్లు ఉడకబెట్టి పెట్టేది. కొత్త కోచ్ వచ్చిన మూడో వారంలో పిలిచి, ఆరు నిమిషాలు మాట్లాడి, లాకరు ఖాళీ చేయమన్నాడు. వాడి బూట్లు ఆ వేసవంతా కారు డిక్కీలోనే పడి ఉన్నాయి.

బ్లూమింగ్టన్ బాబాయ్:
బాధ అర్థమైంది. కానీ కటువుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి: మీ కోపం అబ్బాయిని తీసేసినందుకా, వాడు ఆడలేడని ముఖం మీద చెప్పినందుకా? ఎన్నడూ ఆడించనని తెలిసి కూడా నాలుగేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టడం దయ అని నేను అనుకోను.

కెరొలినా కృష్ణ:
మా వాడు ఆడగలడా లేడా అన్నది తేల్చడానికి మీరెవరండీ? మైదానంలో వాడిని ఒక్క నిమిషమైనా చూశారా?

మోడరేటర్:
ఆట గురించి మాట్లాడండి, పిల్లల గురించి వద్దు.

కెరొలినా కృష్ణ:
సరే, మాట తూలాను, మన్నించండి. కొత్త కోచ్ మీద నాకు నిజంగా కోపం లేదు. ఆయనకు మా వాడు ఎవరో తెలియదు. మా ఇంటి హాల్లో సోఫాలో కూర్చొని, "నాలుగేళ్లు నా బాధ్యత" అని మా ఆవిడకు మాట ఇచ్చిన పాత కోచ్, డిసెంబరులో వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. తనకు కావలసిన కొందరిని వెంట తీసుకెళ్లాడు, మా వాణ్ణి తీసుకెళ్లలేదు. సిగ్నెటి వదిలి వచ్చిన చోట కూడా ఎవరో ఒకరి ఇంట్లో ఇదే జరిగి ఉంటుందన్నది నా అనుమానం.

బ్లూమింగ్టన్ బాబాయ్:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను ఇంత దూరం వాదించేవాణ్ణి కాదు. అయినా జేమ్స్ మాడిసన్ మునిగిపోలేదు. సిగ్నెటి తర్వాత కోచ్‌గా బాబ్ చెస్నీ వచ్చి 2025లో ఆ జట్టును జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ దాకా తీసుకెళ్లాడు.

కెరొలినా కృష్ణ:
ఆ చెస్నీ కూడా యూసీఎల్‌ఏ అనే వేరే కాలేజీకి వెళ్లిపోయాడు.

బ్లూమింగ్టన్ బాబాయ్:
నిజమే. కోచ్ ఇచ్చిన మాట కాలేజీ ఇచ్చినట్టా, ఆయన ఒక్కడు ఇచ్చినట్టా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆటగాళ్లకు మాత్రం ఇప్పుడు వెళ్లే స్వేచ్ఛ వచ్చింది. పాత రోజుల్లో కోచ్ ఒక్కడికే ఉండేది. అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

కెరొలినా కృష్ణ:
చదువు పూర్తి చేస్తున్నాడు, ఆదివారాలు హైస్కూలు పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. అడిగినందుకు సంతోషం. ఆ 13 మంది విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదని గమనించగలరు.