యూరప్‌లో హిస్టరీ టీచర్ల సంఘంలో చేరాలంటే ఎవరిని అడగాలి?

సరళ (గుంటూరు)
అందరికీ నమస్తే. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. తల పగిలిపోతోంది. యూరప్ హిస్టరీ టీచర్లందరికీ కలిపి యూరోక్లియో అని ఒకటుంది కదా, అందులో చేరదామని చూస్తే దాని సభ్యుల పట్టికలో మనుషుల పేర్లు లేవు, అన్నీ సంఘాలే. పేర్లన్నీ పొడి అక్షరాలు. ఏ పేజీ తెరిచినా ఇంకో పేజీకి పంపిస్తోంది. ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కితే సగం అర్థమవుతోంది, సగం కావడం లేదు. నాకు కావలసింది చిన్న విషయం. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికుల గురించి తొమ్మిదో తరగతికి రెండు పీరియడ్లు చెప్పాలి. 14వ తారీఖున క్లాసు. స్టాఫ్‌రూంలో అడిగితే "సంఘం వాళ్లకి రాయి, మెటీరియల్ ఇస్తారు" అన్నారు. ఏ సంఘం? ఎవరికి రాయాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వేణు కె.
ఏ దేశం?

లీడ్స్ రమణ
మేడమ్, హిస్టారికల్ అసోసియేషన్‌లో చేరండి. 1906లో లండన్‌లో మొదలైంది. టీచర్లే చేరాలని లేదు, చరిత్ర అంటే ఇష్టం ఉన్న ఎవరైనా చేరొచ్చు. హైస్కూలు టీచర్ల కోసం 'టీచింగ్ హిస్టరీ' అని వాళ్ల పత్రిక 1969 నుంచి వస్తోంది. అందులో రాసేవాళ్లలో చాలామంది రోజూ క్లాసుకి వెళ్లే టీచర్లే. నేను ఇక్కడ ట్రైనింగ్ చేసినప్పుడు ఆ పాత సంచికలే నన్ను కాపాడాయి.

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. పాఠమంతా ఒకే ఒక ప్రశ్న చుట్టూ అల్లుతారు. "మొదటి ప్రపంచ యుద్ధంలో భారతీయుల పాత్ర" అని బోర్డు మీద రాస్తే పిల్లలు అక్కడే నిద్రపోతారు. "ఫ్రాన్స్ నుంచి ఇంటికి ఉత్తరం రాసిన సిపాయి ఏ సంగతులు దాచాడు?" అని రాసి చూడండి. వాళ్ల ఉత్తరాలను సెన్సారు ఆఫీసర్లు చదివేవారు, ఆ సంగతి సిపాయిలకీ తెలుసు. సెన్సారు వాళ్లు అనువదించి పెట్టుకున్న నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క ఉత్తరం చాలు, రెండు పీరియడ్లూ నడుస్తాయి.

వేణు కె.
ఆవిడ ఇంగ్లండ్‌లో ఉన్నట్టు ఎక్కడ చెప్పారు?

చరిత్రప్రియ
సరళ గారూ, మెటీరియల్ కంటే ముందు ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో తెలుసుకోవాలి. యూరోక్లియో ఆషామాషీగా పెట్టినది కాదు. బెర్లిన్ గోడ కూలి, యుగోస్లావియా ముక్కలవుతున్న రోజుల్లో, 1992లో, కౌన్సిల్ ఆఫ్ యూరప్ చొరవతో మొదలైంది. ఆఫీసు హేగ్‌లో. పక్క దేశాన్ని శత్రువుగా చూపించే పాఠాలు ఏం చేస్తాయో కళ్లారా చూసిన తరం అది. తర్వాత బోస్నియా, క్రొయేషియా, సెర్బియా టీచర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, యుగోస్లావియాను పాలించిన టిటో కాలంలో మామూలు జనం ఎలా బతికారన్నదాని మీద కలిసి పాఠాలు తయారుచేశారు. మూడు పక్షాలుగా యుద్ధం చేసుకున్న మూడు దేశాల వాళ్లు! నాకైతే అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

సైప్రస్‌లో ఇంకా గొప్ప పని జరిగింది. ఆ ద్వీపం 1974 నుంచి రెండుగా చీలి ఉంది. 2003లో గ్రీకు సైప్రియట్, టర్కిష్ సైప్రియట్ టీచర్లు, పరిశోధకులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రాజధాని నికోసియాలో రెండు వైపులకీ మధ్య ఐక్యరాజ్యసమితి కాపలా ఉన్న ఖాళీ పట్టీలో పాడుబడ్డ భవనాన్ని బాగుచేయించి 2011లో అక్కడే తమ ఇల్లు తెరిచారు. ఈ పనికంతటికీ మూలం బహుదృక్కోణం, అంటే ఒకే సంఘటనను పలువురి వైపు నుంచి చూడటం. అది మనసుకెక్కకుండా పాఠం చెప్పకండి.

సత్యనారాయణ మాస్టారు
అమ్మా, నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైర్ అయ్యాను. ఒక మాట సరిచేయాలి. 'సంఘం' అనగానే మన టీచర్లకు యూనియన్ గుర్తొస్తుంది. పీఆర్సీ, డీఏ, బదిలీలు. ఆ పోరాటాలు అవసరమే, వాటి వల్లే మా జీతాలు పెరిగాయి. యూరప్‌లో జీతాల సంగతి చూసే యూనియన్లు వేరే ఉంటాయి. మీరంటున్నవి సబ్జెక్టు సంఘాలు. పాఠం ఎలా చెప్పాలి, సిలబస్‌లో ఏముండాలి, పరీక్షలో ఏం అడగాలి అన్నదే వాటి పని. మన దగ్గర ఏపీ హిస్టరీ కాంగ్రెస్ ఏటా సభలు జరుపుతుంది, కానీ అక్కడ ఎక్కువగా కనిపించేది కాలేజీ వాళ్లు, పరిశోధకులు. ఎనిమిదో తరగతికి పాఠం చెప్పే మాస్టారు తన పాఠం గురించి ఇంకో మాస్టారుతో కూర్చుని మాట్లాడుకునే చోటు ఏది? నా సర్వీసు మొత్తంలో నాకది దొరకలేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది నాకు.

ఇంకో మాట. బహుదృక్కోణం అంటే పిల్లలు భయపడతారు. "ఎవరు చూస్తే ఎలా కనబడింది?" అంటే సరిపోతుంది.

చరిత్రప్రియ
మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ అది కేవలం ఎవరు చూశారన్నది కాదు. ఆధారాలు పోల్చడం, ఎవరు ఎందుకు రాశారో అడగడం, ఏది నమ్మాలో తేల్చుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. తేలిక మాట పెడితే చివరికి "ఎవరి అభిప్రాయం వాళ్లది" అన్నచోటికి వస్తుంది. అది ఇంకా ప్రమాదం.

సత్యనారాయణ మాస్టారు
ప్రమాదం మాటతో రాదు బాబూ, చెప్పే తీరుతో వస్తుంది.

సరళ (గుంటూరు)
అయ్యో, జర్మనీ అండీ. చెప్పాననుకున్నాను.

వేణు కె.
జర్మనీలో ఏ రాష్ట్రం? అక్కడ స్కూలు చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. 16 రాష్ట్రాలు. సిలబస్ ఎక్కడిది అక్కడే.

సరళ (గుంటూరు)
బ్రాండెన్‌బుర్గ్. బెర్లిన్ నుంచి రైల్లో గంట. ఇంకోటి కూడా చెప్పాలేమో, నేను ఈ స్కూల్లో హిస్టరీ టీచర్ని కాదు. ఇంగ్లిష్ క్లాసులో సహాయకురాలిని. మన దగ్గర ఎనిమిదేళ్లు సోషల్ చెప్పానని తెలిసి హిస్టరీ ఆవిడ ఈ రెండు పీరియడ్లు ఇచ్చింది.

వేణు కె.
ఇది మొదటే చెప్తే నిన్న రాత్రే తేలిపోయేది. జర్మనీలో హిస్టరీ టీచర్ల సంఘం పేరు వీజీడీ. 1913లో మొదలైంది. దాని కింద రాష్ట్ర శాఖలు ఉంటాయి, మీరు రాయాల్సింది మీ రాష్ట్ర శాఖకి. యూరప్ సంఘం వరకూ వెళ్లక్కర్లేదు. వాళ్ల పత్రిక 'గెషిష్టె ఫ్యూర్ హాయ్‌టె' మీ హిస్టరీ టీచర్ దగ్గర ఉండొచ్చు, అడగండి. రెండేళ్లకోసారి చరిత్రకారుల సంఘంతో కలిసి పెద్ద సభ జరుపుతారు. 2023లో లైప్‌జిగ్‌లో, 2025లో బాన్‌లో జరిగింది. యూరోక్లియో వాళ్ల పాఠాల సైటు హిస్టోరియానాకి సభ్యత్వం అక్కర్లేదు, ఉచితం.

లీడ్స్ రమణ
హిస్టారికల్ అసోసియేషన్‌లో బయటి దేశాల వాళ్లు కూడా చేరొచ్చని గుర్తుపెట్టుకోండి మేడమ్. ఇంగ్లిష్‌లో చదువుకోవచ్చు.

మాధవి (పోట్స్‌డామ్)
సరళా, మీరు బ్రాండెన్‌బుర్గ్‌లో ఉండి ఇంత దూరం ఎందుకు వెతుకుతున్నారు? మీ పాఠం మీ రాష్ట్రంలోనే ఉంది. వ్యూన్స్‌డార్ఫ్ పేరు విన్నారా? మొదటి యుద్ధంలో అక్కడ 'అర్ధచంద్ర శిబిరం' అని ఒక ఖైదీల శిబిరం ఉండేది. బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాల నుంచి పట్టుబడ్డ ముస్లింలను, భారతీయులను అక్కడ ఉంచారు. వాళ్ల మనసు మార్చి బ్రిటిష్ వాళ్ల మీదికి తిప్పాలన్నది జర్మన్ల ఎత్తు. అందుకే 1915లో వాళ్ల కోసం చెక్కతో మసీదు కూడా కట్టించారు. శిబిరంలో చనిపోయిన భారతీయులకు దగ్గర్లోనే సెరెన్స్‌డార్ఫ్‌లో శ్మశానం ఉంది, 200 మందికి పైగా.

ముఖ్యమైనది ఇది. భాషా పండితులు గ్రామఫోన్ పట్టుకెళ్లి ఆ ఖైదీల చేత మాట్లాడించి రికార్డు చేశారు. ఆ రికార్డులు బెర్లిన్‌లో హుంబోల్ట్ యూనివర్సిటీ ధ్వని సంగ్రహంలో ఉన్నాయి. 1916 డిసెంబరులో మాల్ సింగ్ అనే సిపాయి మాట్లాడింది ఒకటుంది. నేను ఒక ప్రదర్శనలో విన్నాను. బరబరమనే శబ్దం, వెనక నుంచి పంజాబీలో ఒక గొంతు. ఆయన 'నేను' అనడు. ఒక మనిషి ఉండేవాడు, హిందుస్తాన్‌లో వెన్న తినేవాడు, పాలు తాగేవాడు, యూరప్ యుద్ధానికి వచ్చి జర్మనీకి పట్టుబడ్డాడు, ఆ మనిషికి ఇంటికి వెళ్లాలని ఉంది అంటాడు. కథ చెప్తున్నట్టే ఉంటుంది. నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

పిల్లలను ఒక్కటి అడగండి. ఆయన 'నేను' అని ఎందుకు అనలేదు? ఎదురుగా గ్రామఫోన్ పెట్టి కూర్చున్నది ఎవరు?

సత్యనారాయణ మాస్టారు
అమ్మా మాధవీ, చల్లగా ఉండు. మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి కూడా ఆ యుద్ధానికి వెళ్లారు. మిలిటరీ మాధవరం అనే అంటారు ఆ ఊరిని. ఆ యుద్ధంలో 74,000 మందికి పైగా భారత సైనికులు చనిపోయారు. సరళమ్మా, ఒక్క ఊరి పేరైనా అక్కడి పిల్లలకు చెప్పు.

చరిత్రప్రియ
చూశారా మాస్టారూ, మాధవి గారు అడగమన్న ఆ రెండు ప్రశ్నలే బహుదృక్కోణం.

సత్యనారాయణ మాస్టారు
ఆవిడ ఆ మాట వాడకుండానే చెప్పింది కదా.

సరళ (గుంటూరు)
రాష్ట్ర శాఖకి మెయిల్ పెట్టాను. ఆ రికార్డు గురించి యూనివర్సిటీకి కూడా రాశాను. మాధవి గారికి, వేణు గారికి, అందరికీ థ్యాంక్స్ అండీ. బస్సు వచ్చేసింది.

చరిత్రప్రియ
పాఠం ఎలా జరిగిందో 14 తర్వాత ఇక్కడ రాయండి. హిస్టోరియానాలో 1914 మీద ఉన్నవి కూడా తప్పకుండా చూడండి.

పద్మజ
మాది ఆస్ట్రియా. మా అమ్మాయి స్కూల్లో చరిత్ర పాఠ్యపుస్తకం గురించి ఒక సందేహం ఉంది. దానికీ ఈ సంఘాలనే అడగాలా, వేరే ఎవరైనా ఉంటారా?