‘కోర్టు ధిక్కారం’ అన్న మాట ఎవరికి అర్థమవుతోంది?

ప్రశ్న: కోర్టు ధిక్కారం అంటే జడ్జిగారిని తిట్టడమే అనుకునేవాణ్ణి. ఆర్డరు అమలు చేయకపోయినా అదే మాట వాడుతున్నారు. సరైనదేనా?

జవాబు: చట్టం ప్రకారం సరైనదే. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం రెండిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. కోర్టు పరువు తీసేలా మాట్లాడటం, విచారణకు అడ్డుపడటం లాంటివి క్రిమినల్ ధిక్కారం. తీర్పునో ఉత్తర్వునో కావాలని అమలు చేయకపోవడం సివిల్ ధిక్కారం. దేనికైనా గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

చిక్కంతా మాటలోనే ఉంది. ‘ధిక్’ అంటే ఛీ అనడం. ధిక్కారం అనగానే మనకు ఎదురుతిరిగి నిలబడ్డ మనిషే కళ్లముందు మెదులుతాడు. ఉత్తర్వు అమలు చేయని అధికారి అలా ఉండడు. ‘ఫైలు ప్రాసెస్‌లో ఉందండీ, వచ్చే వారం రండి’ అని మర్యాదగానే చెబుతాడు. పెన్షన్ బకాయి కోసం ఆర్డరు కాపీ పట్టుకుని తిరిగే పెద్దాయనకు అది ధిక్కారమని ఎలా తడుతుంది?

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండు వారాల జైలు వేసింది. బడుల ఆవరణల్లోంచి గ్రామ సచివాలయాలను తీసేయమన్న ఆదేశం అమలు కాకపోవడమే కారణం. కోర్టును తిట్టినందుకు కాదు. వాళ్లు క్షమాపణ చెప్పాక జైలు బదులు నెలకో ఆదివారం సంక్షేమ హాస్టళ్లకు వెళ్లి సేవ చేయమన్నారు.

ప్రశ్న: మరి ‘ఆజ్ఞోల్లంఘన’ అంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. కోర్టుకు రాతపూర్వకంగా హామీ ఇచ్చి కావాలని తప్పినా సివిల్ ధిక్కారమే. ఆ మాటలో ఇది ఇమడదు. పైగా పలకడానికే కష్టం. ‘జవదాటడం’ నాకు చాలా ఇష్టమైన మాట, కానీ ‘తండ్రి మాట జవదాటడు’ అని వ్యతిరేక రూపంలోనే ఎక్కువగా వాడతాం. పత్రికల ‘తుంగలో తొక్కారు’లో కోపం ఎక్కువ.

నా ఓటు ‘ఖాతరు చేయకపోవడం’కే. ఊళ్లో అందరి నోటా ఉన్న మాట. తిట్టక్కర్లేదు, ఎదురుతిరగక్కర్లేదు, పట్టించుకోకపోతే చాలన్న సంగతి అందులోనే ఉంది. ‘కావాలని’ అన్నది మాత్రం ముందు చేర్చాలి. డబ్బు నిజంగా లేక కట్టలేకపోయినవాడికీ, ఉండి కట్టనివాడికీ కోర్టు తేడా చూస్తుంది.

చట్టం పేరు మార్చమనడం లేదు. పత్రికల్లో, న్యాయసేవా శిబిరాల్లో వివరించేటప్పుడు ‘కోర్టు ఉత్తర్వును కావాలని ఖాతరు చేయకపోవడం’ అని ఒక్కసారి విప్పి చెప్పమంటున్నాను. ధిక్కారం జరిగిన రోజు నుంచి ఏడాదిలోపే కోర్టుకు వెళ్లాలని అదే చట్టంలోని 20వ సెక్షన్ అంటోంది. ‘వచ్చే వారం రండి’ని నమ్మి తిరిగే పెద్దాయనకు ఆ గడువు అప్పటికే నడుస్తుంటుంది.