మైసూరు టిఫిన్ హోటళ్లలో సీటు: కుర్చీ వెనక కాపలా కాయాలా, పేరు రాయించుకోవాలా?

మారతహళ్లి అల్లుడు:
దసరా సెలవులకి అత్తయ్యని, మామయ్యని మైసూరు తీసుకెళ్లాను. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఒక పాత దోసె హోటల్లో అడుగుపెట్టాం. టోకెన్ లేదు, వరస లేదు. తినేవాళ్ల కుర్చీ వెనక ఎవరు ముందు నిలబడితే సీటు వాళ్లది. మామయ్యకి మోకాళ్ల నొప్పులు. నలభై నిమిషాలు నిలబడ్డాం. కుర్చీలో ఉన్నాయన ఆఖరి గుక్క కాఫీ తాగి లేస్తుండగానే పక్క నుంచి ఓ కుర్రాడు అందులో బ్యాగు పెట్టేశాడు. సర్వర్‌ని అడిగితే మీరే చూసుకోవాలన్నాడు. "పదండి అల్లుడుగారూ, బయట బండి మీద ఏదైనా తిందాం" అన్నారు మామయ్య. ఆ మాట నాకింకా గుచ్చుకుంటోంది. ఫోన్లో బుకింగ్ పెడితే వీళ్లకి పోయేదేముంది?

హోటల్ మనిషి, హిందూపురం:
పెద్దాయన్ని అలా నిలబెట్టడం తప్పేనండీ. కానీ బుకింగ్ మాటకి ఒప్పుకోను, ఎందుకో లెక్క చెప్తాను. మాకు ఆరు బల్లలు, 24 కుర్చీలు. టిఫిన్ తిని లేవడానికి 20 నిమిషాలు. అంటే గంటకి 72 మంది. బుక్ చేసుకున్నవాళ్లు వచ్చేదాకా ప్రతి విడతకీ పది నిమిషాలు కుర్చీలు ఖాళీగా ఉంచితే ఆ 72 కాస్తా 48 అవుతుంది. మా వ్యాపారమంతా పొద్దున ఏడు నుంచి పదిన్నర లోపే. పోయిన 24 మంది డబ్బు దోసె రేటులో కలపాల్సిందే. రోజూ వచ్చే ఆటో డ్రైవర్ ఆ రేటు పెట్టలేడు. బుకింగ్ అనేది గంటన్నర కూర్చుని భోంచేసే చోట, బిల్లు వేలల్లో అయ్యే చోట పనికొస్తుంది.

బెజవాడ అమ్మాయి:
బుకింగ్ వద్దంటే సరే. పేరు రాసుకోవడానికి ఏమడ్డం? బెంగళూరు లాల్‌బాగ్ రోడ్డు ఎంటీఆర్ హోటల్ 1924 నాటిది. అక్కడ పేరు, ఎంతమందో చెప్పి కూర్చుంటే పిలుస్తారు. కుర్చీ ఖాళీగా పడి ఉండదు. పైగా వెనక మనిషి నిలబడి మన ఆకు వంకే చూస్తుంటే ముద్ద గొంతు దిగదు. ఆ ఇరుకులోంచే సర్వర్ పొగలు కక్కే సాంబారు బకెట్ పట్టుకుని వస్తాడు. నేను చంటిపిల్లని ఎత్తుకుని అలా నిలబడ్డాను, ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నట్టే. పాత హోటళ్లంటే నాకూ ప్రాణమే. మా గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ తిని పెరిగినదాన్ని. తోపులాట లేకపోతే ఆ రుచి ఎక్కడికీ పోదు.

యాదవగిరి వాసి:
పదమూడేళ్లుగా మైసూరులో ఉంటున్న తెలుగువాణ్ని. ఆదివారాలు, సెలవు రోజుల్లో సాయంత్రం ఏడింటికి ప్యాలెస్‌కి దాదాపు లక్ష బల్బులు వెలిగిస్తారు. దసరాకైతే రోజూ. 2023 మార్చిలో బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యాక పొద్దున బయల్దేరినవాళ్లు కూడా టిఫిన్ వేళకి ఇక్కడుంటున్నారు. అందరికీ కావలసింది అదే దోసె. నజర్‌బాద్ మైలారి హోటల్ దోసె దూదిలా మెత్తగా ఉంటుంది, మీద వెన్న, లోపల సాగు అనే కూరగాయల కూర. పార్సిల్ కడితే పది నిమిషాల్లో ఆవిరికి ముద్దయిపోతుంది. అందుకే ఎవరూ పార్సిల్‌తో సరిపెట్టుకోరు.

ఇంకో సంగతి. ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి తెలియనివాళ్ల పక్కన కూర్చుని తిని వెళ్లిపోతారు. బయటినుంచి వచ్చే కుటుంబాలు నలుగురికీ ఒకే బల్ల కావాలంటారు. రెండు సీట్లు ఖాళీ అయినా కూర్చోరు, ఇంకొకరిని కూర్చోనివ్వరు. అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి, మీ మామయ్యగారిని ముందు కూర్చోబెట్టి మీరు తర్వాత తినాల్సింది.

మారతహళ్లి అల్లుడు:
నిజమే, మధ్యలో ఒక సీటు ఖాళీ అయింది. అత్తయ్య ఒంటరిగా కూర్చోనన్నారు, నేనూ బలవంతపెట్టలేదు. బుకింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ బ్యాగు వేసినవాడిదే సీటు అనే పద్ధతిని మాత్రం ఎవరూ వెనకేసుకు రాకండి. గుమ్మం పక్కన ఒక పలక, పెద్దవాళ్లకి ఓ బెంచీ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

హోటల్ మనిషి, హిందూపురం:
పలక, బెంచీ ఖర్చెంత? అసలు తంటా మనిషితో. పేర్లు రాయడానికి ఒకణ్ని పెడితే వడ్డించేవాళ్లలో ఒకడు తగ్గుతాడు. పిలిచినప్పుడు లేనివాడు పావుగంట తర్వాత వచ్చి "నా పేరు ముందుంది కదా" అని గొడవ. ఒక పండక్కి పెట్టి చూశాను, రెండో రోజే తీసేశాను.

బెజవాడ అమ్మాయి:
రెండుసార్లు పిలవండి, పలక్కపోతే పేరు కొట్టేసి కింద మళ్లీ రాయండి. ఆ మాట పలక మీద పైనే రాసి ఉంచండి. గల్లా దగ్గర కూర్చున్న మీకు గుమ్మం కనిపిస్తూనే ఉంటుంది, వేరే మనిషెందుకండీ?

హోటల్ మనిషి, హిందూపురం:
గల్లా దగ్గర నుంచి గుమ్మం కనిపిస్తుందమ్మా. ఈ ఆదివారం పెడతాను. బెంచీ కూడా వేయిస్తాను, అది మోకాళ్ల నొప్పులవాళ్లకే. నలుగురూ ఒకే బల్ల అంటే మాత్రం కుదరదని ముందే చెప్పేస్తాను.