14600కే ఇప్పుడే కొనాలా, కొత్త స్టెప్పింగ్ కోసం ఆగాలా? (ఓవర్‌క్లాకింగ్ బిల్డ్)

కొత్త_బిల్డ్

ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువలో నడపడం) కోసమే ఒక పీసీ అసెంబుల్ చేద్దామనుకుంటున్నాను. లిస్టు దాదాపు ఖాయమైంది: కోర్ ఐ5-14600కే, జెడ్790 బోర్డు, డీడీఆర్5-6400 16 జీబీ స్టిక్కులు రెండు, 360 ఎంఎం లిక్విడ్ కూలర్, 850 వాట్ల పవర్ సప్లై. పీ-కోర్లు (వేగంగా పనిచేసేవి) అన్నీ 5.6 గిగాహెర్ట్జ్‌లో, ఈ-కోర్లు (కరెంటు పొదుపు చేసేవి) 4.3లో రోజూ వాడుకునేలా నిలబడాలి. ఒక్క బెంచ్‌మార్క్ స్క్రీన్‌షాట్ కోసం కాదు.

ప్రాసెసర్ దగ్గరే చేయి ఆడట్లేదు. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు వోల్టేజీ ఎక్కువై పాడయ్యాయన్న గొడవ అందరికీ తెలిసిందే. పాత ఓవర్‌క్లాకింగ్ గైడ్ ఏది తెరిచినా "మొదటి స్టెప్పింగ్ కొనకు, తర్వాతది వచ్చేదాకా ఆగు" అనే ఉంటుంది (స్టెప్పింగ్ అంటే అదే చిప్‌కి ఫ్యాక్టరీలో మార్పు చేసి తీసిన కూర్పు). ఈ లోపాన్ని సిలికాన్‌లోనే సరిచేసిన కొత్త స్టెప్పింగ్ ఉందా? డబ్బా మీద చూసి పోల్చుకోవచ్చా? అలాంటిది రాదంటే ఆగడంలో అర్థం ఉందా? ఇంకో ఆలోచన, సెకండ్ హ్యాండ్ 13600కే తీసుకుని మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టడం. అది తెలివైన పనేనా?

పాత_బోర్డు

ముందు ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, అప్పుడు మీకు వర్తిస్తుందో లేదో తెలిసిపోతుంది.

స్టెప్పింగ్ అంటే అదే డిజైన్‌కి ఫ్యాక్టరీలో మాస్క్‌లు మార్చి మళ్లీ తీసిన కూర్పు. సాధారణంగా అక్షరం మారితే కింద ట్రాన్సిస్టర్ల పొరల దాకా మార్పు ఉందని, అంకె ఒక్కటే మారితే పైన ఉండే వైరింగ్ పొరల్లోనే సవరణ అని అర్థం. మార్పు ఎందుకు చేశారన్నది దేనికది వేరు. ఒక్కోసారి లోపం దిద్దడానికి, ఒక్కోసారి కరెంటు లీకేజీ తగ్గించడానికి, ఒక్కోసారి కేవలం ఫ్యాక్టరీ సౌకర్యానికి.

ఆగినవాళ్లకి నిజంగా కలిసొచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2007 మొదట్లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 బీ3 స్టెప్పింగ్, 105 వాట్లు. అదే ఏడాది మధ్యలో జీ0 వచ్చింది, 95 వాట్లు. అనుమతించిన కేస్ టెంపరేచర్ కూడా 62.2 నుంచి 71 డిగ్రీలకి పెరిగింది. డబ్బా మీద ఎస్ఎల్9యూఎం అని ఉంటే బీ3, ఎస్ఎల్ఏసీఆర్ అని ఉంటే జీ0. జనం ఆ అయిదు అక్షరాల కోసం డబ్బాలు తిరగేసేవాళ్లు. 2.4 గిగాహెర్ట్జ్ చిప్‌ని 9 × 400 పెట్టి 3.6లో నడపాలంటే జీ0 చాలా సులువు. ఐ7-920లో కూడా ఇంతే. సీ0 (ఎస్ఎల్‌బీసీహెచ్) తర్వాత 2009లో డీ0 (ఎస్ఎల్‌బీఈజే) వచ్చింది. 200 × 20తో 4 గిగాహెర్ట్జ్ కొట్టడానికి డీ0 అడిగే వోల్టేజీ స్పష్టంగా తక్కువ. ఏఎండీ ఫినామ్ సంగతి ఇంకా తీవ్రం. బీ2లో టీఎల్‌బీ (మెమరీ చిరునామాలు గుర్తుంచుకునే భాగం) లోపం ఉండేది, దాన్ని కప్పిపుచ్చే బయోస్ ప్యాచ్ వేస్తే స్పీడు పడిపోయేది. 2008 మార్చిలో బీ3 స్టెప్పింగ్‌తో, 9750, 9850 లాంటి పేర్లతో వచ్చాక గానీ ఆ పీడ వదల్లేదు.

ఇప్పుడు రెండో వైపు. రైజెన్ 5000కి బీ2 స్టెప్పింగ్ వస్తోందని 2021లో పెద్ద హడావుడి జరిగింది. పనితీరులో గానీ ఫీచర్లలో గానీ తేడా ఉండదని ఏఎండీయే చెప్పింది. ఐ9-9900కే పీ0 నుంచి ఆర్0కి మారినప్పుడు ముఖ్యంగా వచ్చినవి సెక్యూరిటీ లోపాలకి హార్డ్‌వేర్ సవరణలు. పైగా పాత బయోస్ ఉన్న బోర్డులు ఆర్0ని గుర్తుపట్టక బూట్ అయ్యేవి కావు.

ఈ తేడాకి కారణం లెక్కలోనే ఉంది. క్యూ6600 2.4 నుంచి 3.6 అంటే 50 శాతం. ఫ్యాక్టరీ అంత జాగా వదిలేసింది కాబట్టే స్టెప్పింగ్ మారితే అందులో తేడా కనపడేది. మీ 14600కే ఫ్యాక్టరీ బూస్టే 5.3, మీరు అడుగుతున్నది 5.6. ఆరు శాతం కూడా లేదు. మిగిలిన జాగా అంతా బూస్ట్ పేరుతో కంపెనీయే వాడేసుకుంది. ఇప్పుడు ఒకే స్టెప్పింగ్‌లో కూడా చిప్‌కీ చిప్‌కీ తేడా ఉంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. 13900కే, 14900కే, 13600కే, 14600కే అన్నీ బీ0 స్టెప్పింగే. సీపీయూ-జెడ్ (చిప్ వివరాలు చూపే ప్రోగ్రామ్)లో రివిజన్ గడిలో కనపడేది అదే. 14వ తరం అని పేరు మారింది గానీ సిలికాన్ కూర్పు మారలేదు. కాబట్టి డబ్బా మీద వెతకడానికి ఏమీ లేదు.

లోడ్‌లైన్

పైన చెప్పింది కరెక్ట్. ఇంటెల్ ఈ సమస్యకి కొత్త స్టెప్పింగ్ తేలేదు, మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే, అప్‌డేట్ చేయగల కోడ్) తెచ్చింది. కోర్‌లో క్లాక్‌ని పంచే సర్క్యూట్ ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిసినప్పుడు అరుగుతుంది. అరిగాక అదే స్పీడుకి ముందుకంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది, దాన్నే వీమిన్ షిఫ్ట్ అంటున్నారు. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ చిప్ అడిగే వోల్టేజీని 1.55 వోల్టుల దగ్గర ఆపింది. సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బీ అంతకుముందు వాటిని కలుపుకుని, ఐడిల్‌లో, తేలికపాటి పనిలో అనవసరంగా వోల్టేజీ అడగడాన్ని కూడా సరిచేసింది. 2025 మేలో వచ్చిన 0ఎక్స్12ఎఫ్ రోజుల తరబడి ఆపకుండా తేలికపాటి లోడ్‌లో నడిచే మెషీన్ల కోసం.

ఇందులో మీకు లాభం ఏంటంటే, మైక్రోకోడ్ బోర్డు బయోస్‌లో ఉంటుంది, డబ్బాలో కాదు. సీలు తీయని చిప్ ఎప్పుడు తయారైనా, మొదటిసారి ఆన్ అయ్యేటప్పటికే బోర్డులో కొత్త బయోస్ ఉంటే చాలు. స్టెప్పింగ్ కోసం ఆగడం కంటే ఇది నయం కదా.

కానీ ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. ఆ 1.55 పరిమితి చిప్ తనంతట తాను అడిగే వోల్టేజీకి. మీరే మాన్యువల్‌గా 1.5 ఓవర్‌రైడ్ పెట్టి కూర్చుంటే మైక్రోకోడ్ కాపాడదు. నేను చెప్పే పద్ధతి: ఓవర్‌రైడ్ (ఒకే వోల్టేజీకి బిగించడం) వద్దు, అడాప్టివ్‌లోనే (స్పీడుని బట్టి వోల్టేజీ మారేలా) ఉంచండి. ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ నుంచి మొదలుపెట్టండి. పీఎల్1, పీఎల్2 (దీర్ఘకాల, స్వల్పకాల పవర్ పరిమితులు) రెండూ 181 వాట్లు. ఐఏ వీఆర్ వోల్టేజ్ లిమిట్ అనే గడిలో 1400 పెట్టండి, అది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. చిప్‌ని తినేది సినీబెంచ్ లాంటి టెస్టులో అన్ని కోర్ల మీద పడే లోడ్ కాదు. ఒకటి రెండు కోర్లు గరిష్ఠ బూస్ట్‌కి ఎగిరే తేలికపాటి పనుల్లోనే వోల్టేజీ ఆకాశానికి వెళ్తుంది. ఈ గడి దాన్నే కట్టేస్తుంది. మరీ తక్కువ పెడితే అనుకున్న క్లాక్ అందదు.

ఆ తర్వాత ఏసీ లోడ్‌లైన్, అంటే లోడ్‌లో పడిపోయే వోల్టేజీకి బదులు చిప్ ఎంత అదనంగా అడగాలో చెప్పే విలువ. ఇంటెల్ గరిష్ఠం 1.1 మిల్లీఓమ్. అంతే ఉంచితే లోడ్ పెరిగేకొద్దీ చిప్ అవసరానికి మించి అడుగుతుంది. 0.5 దగ్గర మొదలుపెట్టి 0.05 చొప్పున తగ్గించుకుంటూ రండి. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ (లోడ్‌లో వోల్టేజీ పడకుండా బోర్డు ఆపే సెట్టింగ్) మధ్య స్థాయిలో పెట్టండి. అంకెలు బోర్డుని బట్టి తిరగబడతాయి, జాగ్రత్త. ఆసుస్‌లో 8 అంటే అన్నిటికంటే గట్టిది, ఎంఎస్ఐలో మోడ్ 1 గట్టిది. గట్టి స్థాయిలో లోడ్ పెట్టినప్పుడు వోల్టేజీ పడదు, నిజమే. కానీ లోడ్ ఒక్కసారిగా వదిలినప్పుడు వోల్టేజీ క్షణకాలం పైకి ఎగురుతుంది. సాఫ్ట్‌వేర్‌లో అది కనపడదు కూడా.

డీసీ లోడ్‌లైన్ చాలామంది వదిలేస్తారు. అది చిప్‌కి వోల్టేజీ ఇవ్వదు, లెక్క చెప్తుంది అంతే. ఫుల్ లోడ్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (సెన్సర్ రీడింగులు చూపే ప్రోగ్రామ్)లో వీఐడీ (చిప్ అడిగే వోల్టేజీ), వీకోర్ (నిజంగా అందే వోల్టేజీ) పక్కపక్కన చూడండి. వీఐడీ 1.30, వీకోర్ 1.21 అని ఉందనుకోండి, డీసీ విలువ తక్కువైందన్నమాట. చిప్ తాను తింటున్నదానికంటే ఎక్కువ వాట్లు తింటున్నానని లెక్క కట్టి, 181 రాకముందే స్పీడు తగ్గించుకుంటుంది. రెండూ దగ్గరపడే దాకా డీసీ పెంచండి. బోర్డు వీకోర్‌ని డై (అసలు సిలికాన్ ముక్క) దగ్గర కొలిస్తేనే ఈ పోలిక పనికొస్తుంది, సాకెట్ దగ్గర కొలిచే బోర్డుల్లో వీకోర్ రీడింగే తప్పు చూపిస్తుంది.

కొత్త_బిల్డ్

ఇద్దరికీ థాంక్సండీ. అయితే స్టెప్పింగ్ ఆలోచన వదిలేస్తాను. బోర్డు చాలాకాలంగా స్టాకులో ఉన్నది వస్తే అందులో పాత బయోసే ఉంటుంది కదా, దాంతో ఒక్కసారి బూట్ చేసినా నష్టమేనా? సెకండ్ హ్యాండ్ 13600కే సంగతి కూడా చెప్పండి.

పిన్ను_వంగింది

ఒక్క బూట్‌కి ఏమీ కాదు బ్రో, అరుగుదల నెమ్మదిగా జరిగేది. అయినా చిప్ పెట్టకుండానే ఫ్లాష్ చేసే బటన్ ఉన్న బోర్డు తీసుకుంటే ఆ బెంగ కూడా ఉండదు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బయోస్ ఫైల్‌ని బోర్డు కంపెనీ చెప్పిన పేరుకి మార్చి (ఎంఎస్ఐకి MSI.ROM, గిగాబైట్‌కి గిగాబైట్.బిన్), వెనకాల గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. 24 పిన్, 8 పిన్ రెండు పవర్ కేబుళ్లూ కలపాలి. బటన్ నొక్కాక లైటు మినుకుతుంది, ఆగిపోయేదాకా ముట్టుకోవద్దు. కొన్ని సెకన్లకే లైటు ఆగిపోతే ఫైల్ పేరో ఫార్మాటో తప్పు. పూర్తయ్యాక విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి మైక్రోకోడ్ వెర్షన్ 12బీ లేదా 12ఎఫ్ ఉందో లేదో చూసుకో.

సెకండ్ హ్యాండ్ మాత్రం వద్దు. ఎవరి దగ్గర ఏ వోల్టేజీలో ఎంతకాలం నడిచిందో తెలీదు. అరిగిన చిప్‌ని ఏ మైక్రోకోడ్ బాగుచేయదు, ఇకపై అరగకుండా చూస్తుంది అంతే. పైగా మొదటి 13వ తరం చిప్‌లలో కొన్నిటికి వయా ఆక్సిడేషన్ అనే వేరే తయారీ లోపం ఉండేది, 2023లో సరిచేశారు. స్టాక్ సెట్టింగ్స్‌లో బాగానే కనపడే చిప్ 5.6 అడిగేసరికి కూలబడుతుంది. కొనక తప్పదంటే కనీసం అన్‌రియల్ ఇంజిన్ గేమ్ షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేయించి చూడు. గ్రాఫిక్స్ కార్డులో ఖాళీ ఉన్నా "వీడియో మెమరీ చాలదు" అని వస్తే చిప్ పోయినట్టే అనుకో. పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సీఆర్‌సీ (ఫైల్ చెడిందని చెప్పే) ఎర్రర్లు కూడా అదే బాపతు. కొత్త డబ్బా చిప్‌కి ఇంటెల్ వారంటీని 3 నుంచి 5 ఏళ్లకి పెంచింది, ఆ లెక్కన కూడా కొత్తదే మేలు. అయితే స్పెక్ దాటి నడిపి పాడుచేస్తే వారంటీ ఇస్తారని ఆశ పెట్టుకోకు.

పై ఇద్దరితో నాకు ఒక్క చోట పేచీ. ఆగడం అనేది పూర్తిగా పాతకాలపు మాట కాదు. స్టెప్పింగ్ కోసం ఆగకపోయినా, కొత్త సాకెట్ వచ్చిన మొదటి నెలల్లో ఆగాల్సిందే. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయాక ఎస్ఓసీ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీని బయోస్‌తో 1.3 వోల్టుల దగ్గర ఆపారు. 2024 అక్టోబరులో వచ్చిన యారో లేక్ (ఇంటెల్ తర్వాతి తరం) తీసుకున్నవాళ్లకి 200ఎస్ బూస్ట్ అనే ఓవర్‌క్లాక్ ప్రొఫైల్ 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు. దాంతో మెమరీ డీడీఆర్5-8000 దాకా, చిప్‌లోపలి లింకులు 3.2 గిగాహెర్ట్జ్ దాకా, అదీ వారంటీ పోకుండా. బోర్డు వైపు చూస్తే 2011లో శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లు బాగానే ఉన్నాయి, 6 సిరీస్ చిప్‌సెట్ బీ2 స్టెప్పింగ్‌లో 3 జీబీపీఎస్ సాటా పోర్టులు అరిగిపోయే లోపం ఉండి బీ3 తేవాల్సి వచ్చింది. నీ ఎల్‌జీఏ1700 సాకెట్‌కి ఈ గండాలన్నీ దాటిపోయాయి, బయోస్‌లు ముదిరాయి. అందుకే కొనెయ్ అంటున్నా.

కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తావా? ఎల్‌జీఏ1700 అసలు లాక్ చిప్‌ని మధ్యలో నొక్కి కాస్త వంచుతుంది, ఫ్రేమ్ వేస్తే కూలర్ సమంగా ఆనుతుంది. నాలుగు స్క్రూలూ మూలకి మూల ఎదురుగా, పావు తిప్పు చొప్పున, వేళ్లకి ఆనేదాకా మాత్రమే. ఎక్కువ బిగిస్తే ఒక మెమరీ ఛానల్ మాయమవుతుంది. బయోస్‌లో 32కి బదులు 16 జీబీ కనపడితే ర్యామ్‌ని అనుమానించే ముందు స్క్రూలు కొంచెం వదులు చేసి చూడు.

లోడ్‌లైన్

కొత్త సాకెట్ సంగతి ఒప్పుకుంటాను.

టెస్టింగ్ గురించి. కోర్లు, ర్యామ్ ఒకేసారి ముట్టుకోవద్దు, క్రాష్ ఎవరిదో తేలదు. ముందు ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి పెంచే ప్రొఫైల్) ఆఫ్ చేసి, కోర్లు 5.4 నుంచి 0.1 చొప్పున ఎక్కండి. సినీబెంచ్ ఆర్23 అరగంట వేడి చూడటానికే. స్థిరత్వానికి వై-క్రంచర్, ఓసీసీటీ అనే టెస్ట్ ప్రోగ్రాములు నయం. మధ్యమధ్యలో విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల చిట్టా) చూడండి. ఈవెంట్ 19 వచ్చిందంటే చిప్ తప్పు చేసి తనే సరిదిద్దుకుంది. స్క్రీన్ మీద ఏమీ తెలియకపోయినా ఆ సెట్టింగ్ ఫెయిలైనట్టే. 18 అయితే దిద్దుకోలేకపోయింది, రీస్టార్ట్ తర్వాత అదే కనపడుతుంది.

5.5 దాకా మామూలుగా వచ్చి 5.6కి వోల్టేజీ ఒక్కసారిగా ఎక్కువ అడిగితే 5.5లోనే ఆపండి. లోడ్‌లో 90 డిగ్రీలు దాటుతున్నా అంతే. ఆ 0.1 గేమ్‌లో కనపడదు. డీడీఆర్5-6400ని సరిగ్గా ట్యూన్ చేస్తే కనపడుతుంది. 14600కే అధికారిక మెమరీ స్పీడు 5600 కాబట్టి 6400 కూడా ఓవర్‌క్లాకే, ఎక్స్ఎంపీ ఆన్ చేసి వదిలేయకుండా టెస్ట్‌మెమ్5 (ర్యామ్ టెస్ట్ ప్రోగ్రామ్) పూర్తిగా తిప్పండి. ఎర్రర్ ఆలస్యంగా, స్టిక్కులు వేడెక్కాక మాత్రమే వస్తుంటే వోల్టేజీ పెంచకుండా ముందు ర్యామ్ మీదకి గాలి తగిలేలా ఒక ఫ్యాన్ పెట్టి మళ్లీ తిప్పండి.