కర్నూలు ఎండల్లో వార్డ్‌రోబ్‌కి కూడా 710 ప్లైవుడ్ కావాలా?

కల్లూరు కొత్తిల్లు:
అన్నలూ, అక్కలూ, ఈ టెన్షన్ కాస్త తీర్చండి. ఇల్లు పూర్తి కావొచ్చింది, కబోర్డ్‌ల పని మొదలుపెట్టాలి. మేస్త్రీ కిచెన్, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్ అన్నిటికీ ‘ఐఎస్ 710 హార్డ్‌వుడ్’ (నీటిని ఓర్చుకునే మెరైన్ ప్లైవుడ్) షీట్లే రాసిచ్చాడు. షాపాయనేమో బెడ్‌రూంలకు ఎంఆర్ (గాలి తేమను ఓర్చుకునే మామూలు రకం) చాలంటున్నాడు. రెండు బిల్లుల తేడాతో ఫ్రిజ్ కొనుక్కోవచ్చు. ఎవరి మాట వినాలి?

బురుజు సెంటర్:
మేస్త్రీ మాటే వినండి. 2009 అక్టోబరు వరద చూసినవాళ్లకు ఎంఆర్ పేరు చెబితేనే భయం. నీళ్లు తీశాక మా వీధిలో కబోర్డ్ తలుపులు పొరలు పొరలుగా విచ్చుకుపోయాయి. ఇల్లు జన్మకోసారి కట్టుకుంటాం, షీటు దగ్గర పిసినారితనం ఎందుకు?

అనంత చెక్కపని:
వరదను లెక్కేసుకుని వార్డ్‌రోబ్ చేయిస్తే పరుపులు కూడా మెరైన్‌వే కొనాలన్నా!

నేను అనంతపురంలో ఇదే పనిలో ఉన్నా. ఎంఆర్‌లో వాడేది మామూలుగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. గాలిలో తేమను ఓర్చుకుంటుంది, నిలిచిన నీటిని ఓర్చుకోదు. 710లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్. 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదని దానికి పరీక్ష. ఈ రెంటికీ మధ్యలో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) ఉంది. అయితే షీటు మీద ఐఎస్ 303 (మామూలు వాడకం ప్లైవుడ్ ప్రమాణం) అని చూసి ఆగిపోవద్దు. ఎంఆర్, బీడబ్ల్యూఆర్ రెండూ అదే నంబరు కిందికి వస్తాయి, పక్కనున్న అక్షరాలు చదవాలి. నేల నెర్రెలిచ్చే ఊళ్లలో పడకగది బట్టల అరకు 72 గంటలు ఉడికే జిగురు దేనికి? సింకు కింద మాత్రం 710 వేయించండి, అక్కడ బేరం వద్దు.

ఇక ‘హార్డ్‌వుడ్’ అన్నది గ్రేడు కాదు, షాపు మాట. లోపలి పొరలు పాప్లర్ లాంటి మెత్తటి చెక్క కాదని చెప్పడానికి అంటారు. హింజ్ స్క్రూ పట్టు నిలిచేది ఆ లోపలి చెక్క మీదే.

బురుజు సెంటర్:
సగమే చెప్పారు ఆచారిగారూ. 710 అంటే జిగురొక్కటేనా? ఏ జాతి చెక్క వాడాలో, పొరలకు మందు ఎలా పట్టించాలో కూడా అందులో ఉంది. మన ఊళ్లలో నీళ్ల కంటే చెదలే పెద్ద శత్రువు.

అనంత చెక్కపని:
మందు మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ చెద వచ్చేది నేలలోంచి, గోడలోంచి. పునాది దగ్గరే మందు కొట్టించకపోతే 710 వెనక నుంచి మట్టి బాట కట్టుకుని పైనున్న చీరల దాకా పోతుంది.

కడప లామినేట్:
మీరిద్దరూ జిగురు దగ్గరే ఆగారు. షీటు ముఖం సంగతి? అమెరికా వీడియోలు చూసి ‘ఏ1 షీటు ఇవ్వండి’ అని అడిగేవాళ్లు మా షాపుకు వస్తుంటారు. అక్కడ హార్డ్‌వుడ్ ప్లైకి ముఖం వైపు అక్షరం, వెనక వైపు 1 నుంచి 4 దాకా అంకె. ఏ1 అంటే రెండు వైపులా శుభ్రంగా ఉన్నదని. మన దగ్గర 1989 నాటి ఐఎస్ 303లో రెండు వైపులకూ అక్షరాలే, ఏఏ, ఏబీ, బీబీ అని ఉండేది. లామినేట్ అంటించేవాళ్లకు ముఖం అందంతో పనేముంది? చదునుగా ఉంటే చాలు. పాలిష్ పట్టించేవాళ్లు మాత్రం ముఖానికి డబ్బు పెట్టండి.

ముఖం ఎర్రగా ఉంటే గర్జన్ (మయన్మార్ నుంచి వచ్చిన మేలురకం ముఖపు చెక్క) అనుకోవద్దు. మయన్మార్ 2014లో దుంగల ఎగుమతి ఆపేశాక ఒకూమే లాంటి వేరే చెక్కలు ముఖానికి వచ్చాయి. రంగు పూసినవీ ఉంటాయి.

కొనేముందు షీటును నిలబెట్టి నాలుగు అంచులూ చూడండి. పొరల మధ్య పెన్సిల్ మొన దూరే సందులుంటే, పొర మీద పొర ఎక్కి ఉబ్బి ఉంటే తీసుకోవద్దు. కోశాక ఆ సందే అర అంచున బయటపడుతుంది, దాని మీద బీడింగ్ (అంచు పట్టీ) సరిగ్గా కూర్చోదు. ఐఎస్‌ఐ గుర్తు దగ్గరున్న సీఎంఎల్ (లైసెన్సు) నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ముద్ర ఎవరైనా వేయగలరు, ఆ నంబరు కింద ఏ కంపెనీ పేరు వస్తుందో చూడాలి.

కల్లూరు కొత్తిల్లు:
అడగాలా వద్దా అనుకుంటున్నా... మేస్త్రీకి షాపు నుంచి కమీషన్ ఉంటుందా?

అనంత చెక్కపని:
చాలాచోట్ల ఉంటుంది. దాచేదేముంది? ఖరీదైన షీటు మీద ఇంకాస్త ఎక్కువ. అందరూ అందుకే రాస్తారని మాత్రం అనను. రేపు తలుపు ఉబ్బితే తిట్లు తినేది మేమే, ఆ భయం కూడా ఉంటుంది.

కల్లూరు కొత్తిల్లు:
సరే, కిచెన్‌కు 710, బెడ్‌రూంలకు ఎంఆర్ అనుకుంటున్నా. ఒక వార్డ్‌రోబ్ మాత్రం బాత్రూం గోడకు ఆనుకుని వస్తుంది.

బురుజు సెంటర్:
చూశారా, మళ్లీ నా దారికే వచ్చారు!

అనంత చెక్కపని:
దానికొక్కదానికి బీడబ్ల్యూఆర్ వేయించండి, వెనక షీటుతో సహా. గోడకు చెమ్మ ముందే ఉంటే పైపు లీకు బాగు చేయించాకే షీట్లు తెప్పించండి.